పెద్ద చేప

"ఆ పెద్దది నాకక్కా!" అంటూ దర్జీ అమ్మాయి వేలు చూపించేలోపే, టోపీ పెట్టుకున్న పెద్దాయన ఆ చేపని సంచిలో వేసేసుకున్నాడు.

వరసగా ఇది నాలుగో ఆదివారం.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. తనకి ఐదో నెల. పెద్ద చేప తింటే బిడ్డ బలంగా పుడుతుందని అత్తగారు మరీ మరీ చెప్పి పంపుతోంది.

"కడుపుతో ఉన్నదాన్ని. కాస్తయినా జాలి లేదా బాబాయ్?"

"అందుకేనమ్మా. చెరువులోకి ఫ్యాక్టరీ నీళ్ళొస్తున్నాయి. చేప ఎంత పెద్దదైతే దాని ఒంట్లో అంత విషం. నువ్వు ఆ చిన్నవి తీసుకో."

"విషమైతే మరి మీరెందుకు ఎగబడుతున్నారు?"

ఆయన సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

చేపలమ్మే అక్క కిసుక్కున నవ్వింది. "పోనీలే చెల్లీ, ఆయన ఒంటికి విషం బాగా పడినట్టుంది!"

మరుసటి వారం చేపల కొట్టు తెరవకముందే ఆమె వచ్చింది. మెట్టు మీద సంచీతో సహా ఆయన కూర్చుని ఉన్నాడు.

"ఇంత తిండియావ ఎక్కడా చూడలేదు!" మొహం మీదే అనేసి వెనక్కి తిరిగింది.

పెద్ద చేప ఒక్కటీ దక్కకుండానే నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. ఏడో నెలకే చక్కగా కూర్చుంది.

తొమ్మిదో నెల టీకాకి ఆస్పత్రికి వెళితే, గోడ మీద కొత్త నోటీసు. చెరువులోని పెద్ద చేపల్లో పాదరసం ఉంది. గర్భిణులు తినకూడదు. బిడ్డ మెదడు దెబ్బతింటుంది.

ఆమె పాపని చంకనేసుకుని తిన్నగా చేపల కొట్టుకి వెళ్ళింది.

"అక్కా, టోపీ బాబాయ్ ఏడీ?"

"పోయి రెండు నెలలైంది చెల్లీ."

"అయ్యో! ఆ చేపలు తినేనా?"

"తినడమా?" అక్క చేతిలో కత్తి పక్కన పెట్టింది. "ఒక్క ముక్క నోట పెట్టలేదు. కొట్టు వెనక గొయ్యి తవ్వి పాతేసేవాడు. పిచ్చోడనుకున్నా. నలుగురికీ తెలిస్తే నా బేరం పోతుందని నోరు మూసుకున్నా."

"మరి ఆయనకెలా తెలుసు?"

అక్క పాప వైపు చూసింది. అది మెడ అటూ ఇటూ తిప్పుతూ కొట్టంతా కలియజూస్తోంది.

"పోయినప్పుడు వాళ్ళింటికెళ్ళాను. కొడుక్కి ముప్పయ్యేళ్ళు, ఇంకా మెడ నిలవదు. వాళ్ళావిడ కడుపుతో ఉన్నప్పుడు, బిడ్డ బలంగా పుట్టాలని, ఇదే కొట్టులో మా అమ్మ దగ్గర రోజూ అందరికంటే ముందొచ్చి పెద్ద చేపే ఏరి పట్టుకెళ్ళాడట."