నాలుగు పేజీల నాఫ్ప్లియో

స్టూడియో నుంచి వచ్చిన ఫిల్ము రోలు మొత్తం ఖాళీ. ముప్పయ్యారు ఫోటోల్లో ఒక్కటీ పడలేదు.

"దుకాణంల ఓడలకు సామాన్ అమ్ముతవ్. కెమెరాల రోలు ఎక్కియ్యరాదా నీకు?" అంది జాహిదా.

"ఎక్కిచ్చిన. అది తిరగలే. నేనేం జెయ్యాలె?" ఖుర్రం రోలును బల్ల మీద పడేశాడు.

"తిరుగుతలేదని ముప్పయ్యారు సార్లు నొక్కినంక గూడ తెల్వలేదా?"

ఇద్దరి మధ్యా నిలబడి కూతురు యుస్రా ఏడుపు మొదలుపెట్టింది. ఐదో తరగతి పిల్ల. వేసవి సెలవులు అయిపోయాక గ్రీసు ప్రయాణం కోసం మరో పది రోజులు అడిగితే, హెడ్‌మిస్ట్రెస్ ఒక షరతు మీద ఒప్పుకుంది. చూసొచ్చిన నాఫ్ప్లియో ఊరి గురించీ, చుట్టుపక్కల పాత కట్టడాల గురించీ నాలుగు పేజీలు రాసి తేవాలి. తేకపోతే మూడు నెలల పరీక్షకు కూర్చోనివ్వరు. రేపు శనివారం, గడువు రోజు. ఇవాళ శుక్రవారం, జుమ్మా నమాజు కూడా అయిపోయింది.

"ఫోటోలు జూసి రాద్దామనుకున్న," వెక్కింది యుస్రా.

"కండ్లతోని జూసింది రాయరాదే?"

"ఏం యాదికొస్తలేదు అమ్మీ. బస్సెక్కితే నిద్రపోయిన గదా."

"అచ్చం మీ అమ్మీ లెక్కనే," అని ఖుర్రం పడక గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. జాహిదా విసురుగా చున్నీ కప్పుకుని పక్కింటికి వెళ్ళిపోయింది.

మిగిలింది నరసాయమ్మ. ఆ ఇంట్లో వంటా, బట్టలూ ఆమెవే. రాజోలు వైపు మనిషి, మాట తక్కువ. కిటికీ దగ్గర ఇస్త్రీ చేస్తోంది. కిటికీలోంచి ఊళ్ళోని పాత అరాద్ కోట గోడ కనిపిస్తుంది. పక్కన కుర్చీలో ఉతికిన బట్టల గుట్ట.

"కాగితాలు తెచ్చుకో అమ్మా," అంది.

"ఏం రాయాలె?"

నరసాయమ్మ ఆకుపచ్చ గౌను బల్ల మీద పరిచి వెనక వైపు అరిగిన చోట అరచేత్తో నిమిరింది. "రాతి మెట్ల మీద జారుడుబండ ఆడావు కదా. ఎక్కడమ్మా అది?"

యుస్రా ఏడుపు ఆగింది. "ఆఁ... గుండ్రంగ మెట్లు. కొండకు ఆనించి కట్టిండ్రు. పాతకాలంల ఆడ నాటకాలు ఆడేటోళ్ళంట. అబ్బా కింద నిలబడి ఫిల్సు చిల్లర బిళ్ళ జారవిడిస్తే, పైమెట్టు మీద నాకు ఇనొచ్చింది!"

"రాసుకో."

రాసింది. నరసాయమ్మ గుట్టలోంచి ఒక పైజామా తీసి, అంచు నుంచి ఏదో గిల్లి కిటికీ గట్టు మీద పెట్టింది. "ముళ్ళ గడ్డిలో నడిచి వెళ్ళారు. అక్కడేముంది?"

"సింహాలు! పేద్ద రాతి దర్వాజ మీద రెండు సింహాలు. తలకాయల్లేవు వాటికి. ఎవరో రాజుదంట, మూడు వేల ఏండ్ల కిందటిది."

"తలకాయలేమయ్యాయని అడగలేదా?"

"అడిగిన. ఎవరికి తెల్వదంట."

"అదీ రాసుకో."

పెన్సిలు గబగబా నడిచింది. నరసాయమ్మ జాహిదా మేజోళ్ళ జత తీసి, చేతిని లోపలికి దూర్చి చూసింది. నాలుగు వేళ్ళు బయటికొచ్చాయి. "చాలా ఎత్తే ఎక్కారు మీరు. అమ్మగారు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు కదూ?"

యుస్రా ఫక్కున నవ్వింది. "నాఫ్ప్లియోల కోట! వెయ్యికి ఒకటి తక్కువ మెట్లంట. అమ్మీ సగంల కూలబడి, నన్ను ఈడ్నే వదిలేసి పోండ్రి అన్నది. పైకెళ్ళి జూస్తే సముద్రంల ఇంకొకటి చిన్న కోట. మన అరాద్ కోటంత గూడ లేదు." పెన్సిలు పక్కన పెట్టి తలెత్తింది. "ఇవన్నీ నీకెట్ల..."

"ముందు రాయమ్మా. తర్వాత మాట్లాడుకుందాం."

మూడు పేజీలు నిండాయి. ఖుర్రం తెల్ల చొక్కా మీద నీళ్ళు చిలకరించి, జేబు మీద వదలని మరక దగ్గరికి వచ్చేసరికి నరసాయమ్మ ఇస్త్రీ పెట్టె ఆపింది. "బాబుగారికి ఎవరో పళ్ళిచ్చారు."

యుస్రా పడక గది తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "అంజీర్. చెట్టు కింద కూసున్న ఒక తాత ఇచ్చిండు. అబ్బా అయిదు తిన్నడు. షుగర్ గదా, అమ్మీకి చెప్పొద్దన్నడు."

"అదొక్కటీ రాయకు."

యుస్రా అప్పటికే రాసేసింది.

సాయంత్రం అసర్ నమాజు వేళకి ఖుర్రం లేచాడు. జాహిదా కూడా తిరిగొచ్చింది. నాలుగు పేజీలూ నిండి ఉండటం చూసి అతను నమ్మలేక పైకి చదివాడు. జాహిదా చెప్పుల సంగతి దగ్గర పగలబడి నవ్వాడు. చివరి పేజీలో ఆగి దగ్గాడు.

"ఆపినవేంది? చదువు." జాహిదా కాగితం లాక్కుంది. "అయిదా! డాక్టరు ఒక్కటి గూడ ముట్టొద్దన్నడు గదా!"

"చిన్నచిన్నయి."

"చెప్పులది ఎవరు రాయించిండ్రు? నువ్వేనా?"

"నేనెందుకు రాయిస్త? రాయిస్తే నా అంజీర్ పండ్లు గూడ రాయిస్తనా?" ఖుర్రం కూతురి వైపు తిరిగాడు. "నీకేం యాదికి లేదంటివి. ఎవరు చెప్పిండ్రే నీకు ఇదంత?"

"నరసాయమ్మ అడుగుకుంట పోయింది, నాకు యాదికొచ్చుకుంట పోయింది."

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఇస్త్రీ బల్ల వైపు చూశారు. నరసాయమ్మ తెల్ల చొక్కా మడత పెడుతోంది.

"నరసాయమ్మా," అన్నాడు ఖుర్రం నెమ్మదిగా, "మేం గ్రీసుల ఉన్న పది దినాలు నువ్వు ఈడ్నే, ఈ ఇంట్లనే ఉంటివి గదా?"

"ఉన్నానండి. మీరొచ్చాక బట్టలుతికింది నేనే కదండీ, బాబుగారూ."