సుబ్బులమ్మ ఇంటి అతిథి

రాగిసంగటి ముద్దను చూడగానే ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

"రొట్టె లేదా?"

"కొట్లో అయిపోయిందంట," అంది సుబ్బులమ్మ. "ఒక్క పూటకి ఇది తిను. ఇసమేం కాదులే."

ఆమె తినలేదు. తన పెట్టెలోంచి బిస్కట్ల డబ్బా తీసి, రెండు తిని, మూత గట్టిగా బిగించింది. సుబ్బులమ్మ మనవరాలు, ఏడేళ్ల పంకజాక్షి, ఆ మూతనే చూస్తూ ఉండిపోయింది.

చంద్రగిరిలోని ఆ పెంకుటింట్లో ఆమెకు ఏదీ నచ్చలేదు. తిరిగి వెళ్లడానికి కావాల్సిన వీసా కాగితాలు మద్రాసులో ఎక్కడో చిక్కుకున్నాయి. అవి వచ్చేదాకా ఇక్కడ ఉండక తప్పదు. వీధి కొళాయి నీళ్లు. దోమలు. తలుపు తట్టకుండా లోపలికి వచ్చేసే ఇరుగుపొరుగు. టేప్ రికార్డర్ మీద గుడ్డ కప్పి, దాన్ని ఎవరూ ముట్టకూడదని వచ్చిన రోజే చెప్పేసింది. వీళ్ల మాట ఆమెకు అర్థమయ్యేది. బదులు చెప్పబోతేనే నాలుక మీదికి అరబ్బీ మాటలు వచ్చేవి.

అక్కడ, సముద్రం అవతలి ఇంట్లో, ఈ వేళకు గదులన్నీ చల్లగా ఉంటాయి. మెత్తటి తివాచీ మీద, తను సాకే ఫహద్ బొమ్మకారు తోసుకుంటూ ఉంటాడు. వాడికి ఐదేళ్లు. తల కింద ఆమె చెయ్యి లేకపోతే నిద్రపోడు. ఇప్పుడెవరు పడుకోబెడుతున్నారో! ఇంకా ఆలస్యమైతే తనను మరిచిపోతాడేమో. పిల్లలు ఎంత తొందరగా మరిచిపోతారో ఆమెకు తెలుసు.

బడికి పోయే ముందు పంకజాక్షి రోజూ దువ్వెన, నూనె సీసా, రెండు ఎర్ర రిబ్బన్లు పట్టుకుని ఆమె ఎదుటికి వచ్చేది. ఏమని పిలవాలో తెలియక ఊరికే నిలబడేది.

"ఛీ, జిడ్డు! మీ అవ్వ దగ్గరికి పో."

అవ్వ చేతులు వణుకుతాయి. ఒక జడ పైకి, ఒక జడ కిందికి వచ్చేది. బడిలో పిల్లలు నవ్వేవాళ్లు. అయినా మర్నాడు మళ్లీ దువ్వెనతో హాజరు. ఎన్నిసార్లు చెప్పినా బుద్ధి రాదు ఈ పిల్లకు, అనుకునేది ఆమె. ఫహద్‌కైతే ఒక్కసారి చెబితే చాలు.

పక్కింటి కుప్పమ్మకు ఇదంతా తమాషాగా ఉండేది.

"ఏం సుబ్బులక్కా, మీ దొరసానమ్మ ఇంగా పోలేదా? సెంటు వాసన మా వాకిలి దాకా వస్తా ఉండాది!"

"కాయితాలొస్తే పోతాది. మన గాలి పడలేదంట. ముక్కుకి గుడ్డ కట్టుకునేది ఒకటే తక్కువ."

ఆమె విననట్టు గోళ్లు చూసుకుంది.

చివరికి ప్రయాణాల పనులు చూసే ప్రేమానందం తిరుపతి నుంచి వచ్చి కాగితాలు చేతిలో పెట్టాడు. ఆ ఇంట్లో ఆమె మొదటిసారి నవ్వింది. వెంటనే పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది.

"గంగమ్మ జాతర దాకా ఉండరాదా?" అంది సుబ్బులమ్మ. "బిడ్డ ఆశ పడతా ఉండాది. నీతో కూడా వచ్చి పొంగలి పెట్టల్లంట."

"ఆ తొక్కిసలాటలోనా? నా పిల్లోడు ఆడ ఏడుస్తుంటాడు."

సుబ్బులమ్మ వక్క నోట్లో వేసుకుని పటుక్కున కొరికింది.

మర్నాడు బస్టాండు దాకా సంచి మోసింది పంకజాక్షే. ఆ రోజు అవ్వ చేత జడ వేయించుకోలేదు. బస్సు రావడానికి ఇంకా వేళ ఉందని తెలుసుకుని, బడిసంచిలోంచి దువ్వెన, రిబ్బన్లు తీసి నిలబడింది.

ఆమె ఆ చింపిరి తలను చూసి ఒకడుగు వెనక్కి జరిగింది.

"నా బట్టలకు నూనె అంటుతుంది."

బస్సు వచ్చింది. ఆమె రుమాలుతో సీటు తుడుచుకుని కూర్చుంది. చేతిగడియారం చూసుకుంది. కిటికీ వైపు తిరగలేదు.

దుమ్ము అణిగాక కూడా పంకజాక్షి అక్కడే ఉంది. బస్టాండులో పూలమ్మే గురవమ్మ, కనకాంబరాలు కడుతున్నదల్లా, బుట్ట పక్కకు జరిపి పిలిచింది.

"రా పాపా, నేనేస్తాను జడ. అట్టా బడికి పోతే అయ్యోరు కొడతాడు."

పంకజాక్షి పోయి గురవమ్మ ముందు కూర్చుంది. గురవమ్మ చిక్కు తీస్తూ అడిగింది.

"ఎవురు పాపా ఆ సెంటామె? మీ ఇంటికొచ్చిన సుట్టమా?"

పంకజాక్షి రిబ్బను వెనక్కి అందించింది.

"సుట్టం కాదక్కా, మాయమ్మంట... మాయవ్వ సెప్పింది."