సొంత బైకుకు దొంగ

తన బైకును తానే దొంగతనం చేయించుకోవాలని గిరిప్రసాద్ గట్టిగా నిర్ణయించుకున్నాడు. పోటీ ఆదివారం. ఇవాళ గురువారం. ఇంతకంటే మంచి ఉపాయం బుర్రకు తట్టలేదు.

హోసూరులో అతనికి స్టీలు పాత్రల అంగడి ఉంది. నలభై నాలుగేళ్ళ వయసు, గల్లాపెట్టె దగ్గర కూర్చుని పెంచిన పొట్ట ఉన్నాయి. ఇవి చాలవన్నట్టు కొండలెక్కే గేర్ల సైకిలొకటి కొన్నాడు. దాన్ని సైకిలంటే ఊరుకోడు. మౌంటెన్ బైక్ అనాలి. మే నెలాఖరున సూళగిరి కొండల్లో జరిగే నలభై కిలోమీటర్ల పోటీకి పేరిచ్చాడు. ఎండకు ఒళ్ళు అలవాటు పడాలంటే మిట్టమధ్యాహ్నమే తొక్కాలని క్లబ్బు వాట్సాప్ గ్రూపులో అందరికీ పాఠం చెప్పాడు.

చెప్పాడే కానీ తొక్కలేదు. రెండు నెలలుగా రోజూ పదకొండింటికి బైకును కారు వెనక కట్టుకుని, బేరిగై దగ్గర ముసలి కదిరప్ప మామిడితోటకు పోయి, చెట్టు కింద మంచమెక్కి పడుకునేవాడు. లేచాక నెత్తిన చెంబెడు నీళ్ళు గుమ్మరించుకుని, రొప్పుతున్నట్టు నోరు తెరిచి ఫోటో తీసుకునేవాడు. "ఈరోజు యాభై కిలోమీటర్లు. ఎండ ఓడింది" అని కింద రాసేవాడు.

ఇదంతా అమర్‌నాథ్ వల్ల వచ్చిన తంటా. పక్కవీధిలో బోరు మోటార్లు అమ్మే అమర్‌నాథ్‌కూ ఇదే పిచ్చి. గిరిప్రసాద్ యాభై అంటే అతను అరవై అనేవాడు. ఇతను అరవై అంటే అతను డెబ్బై అని, చెమట కారే ముఖం ఫోటో పెట్టేవాడు. ఊరు రెండు జట్లయి పందేలు కాసే దాకా వచ్చింది. ఇప్పుడు పోటీలో దిగితే మొదటి మిట్టలోనే గుట్టు బయటపడుతుంది. జ్వరమొచ్చిందంటే నవ్వుతారు. బైకు పోయిందంటే మాత్రం పాపం అంటారు.

"రేపు మధ్యాహ్నం అందరూ తిని పడుకునే వేళకు మా ఇంటికి రాప్పా. గేటు తీసి పెట్టుంటా. బైకును నీ మామిడికాయల టెంపోలో వేసుకుని ఈడికి తెచ్చేయ్" అన్నాడు కదిరప్పతో.

కదిరప్ప తల గోక్కున్నాడు. "నీ బైకు నువ్వే ఎత్తుకొచ్చుకుంటే నేనెందుకప్పా?"

"నాకు దొంగతనం చేసి అలవాటు లేదు కదా! సోమవారం వచ్చి తీసుకుపోతా. ఎవరికీ చెప్పగూడదు."

"నేను యాడ చెప్తానప్పా! పోటీ అయిపోయేదాకా ఈ నోరు తెరవను."

కదిరప్ప మాటిచ్చాడంటే ఇచ్చినట్టే. శుక్రవారం మూడింటికి బైకు మాయమైంది. నాలుగింటికి గిరిప్రసాద్ వీధి మధ్యలో నిలబడి నెత్తీ నోరూ బాదుకున్నాడు. తనకే కళ్ళనీళ్ళు వచ్చేంత బాగా ఏడ్చాడు. ఫిర్యాదు ఇద్దామని క్లబ్బువాళ్ళు లాగితే, మనసు బాగాలేదని తప్పించుకున్నాడు.

ఐదింటికి అమర్‌నాథ్ తన బైకును నడిపించుకుంటూ వచ్చాడు.

"ఏడవద్దప్పా గిరీ. హోసూరు మానం నీ కాళ్ళలో ఉండాది. నా బైకు తీసుకో."

"మరి నువ్వు?"

"నేను వచ్చే ఏడు తొక్కుతా. రెండు నెలలు ఎండలో నువ్వు పడిన కష్టం మట్టిలో కలిసిపోతే నాకు అన్నం దిగదప్పా."

చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇంటి మెట్ల మీద నిలబడిన గిరిప్రసాద్ భార్య కోమల కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇంక వద్దనడానికి దారి లేకుండా పోయింది.

ఆదివారం సూళగిరి కొండల్లో గిరిప్రసాద్ మొదటి మిట్టను తొక్కుతూ ఎక్కాడు. రెండోదాన్ని బైకు తోసుకుంటూ ఎక్కాడు. మూడోచోట బైకును భుజాన వేసుకుని, దేవుళ్ళందరినీ పేరు పెట్టి తిట్టాడు. రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. కడుపులో ఉన్నది బయటికి వచ్చింది. ఒక మలుపులో అమర్‌నాథ్ ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో నిమ్మరసం సీసా పట్టుకుని ఎదురొచ్చాడు.

"తొక్కప్పా! నేనుండాను!" అని అరుస్తూ పక్కనే పరుగెత్తాడు.

కూలబడి నీళ్ళు తాగుతున్నప్పుడు గిరిప్రసాద్ కళ్ళు టైర్ల మీద పడ్డాయి. కొత్త టైర్లకుండే సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా అక్కడక్కడా నిలబడే ఉన్నాయి. తన కోసం కొత్తవి వేయించాడన్నమాట! ఈసారి నిజంగానే ఏడుపొచ్చింది. పదేళ్ళుగా ఈ మనిషిని పిసినారి అనీ, కోతలరాయుడనీ నోటికొచ్చినట్టు అన్నాడు. ఆ సిగ్గుతోనే లేచాడు. మళ్ళీ కూలబడలేదు. అందరికంటే చివర, నిర్వాహకులు షామియానా విప్పుతుండగా గీత దాటాడు. అమర్‌నాథ్ అతన్ని కావలించుకుని భోరుమన్నాడు.

సోమవారం కుంటుకుంటూ బేరిగై తోటకు పోయాడు.

"కదిరప్పా, అమర్‌నాథ్ మనిషి కాదప్పా, దేవుడు! ఇట్లే పోయి కాళ్ళు పట్టుకుని, నేను చేసిందంతా చెప్పేస్తా."

బైకు మీది గోనెపట్టా లాగుతున్న కదిరప్ప ఆగాడు.

"పోటీ అయిపోయింది కదప్పా, ఇంక చెప్తే తప్పు లేదులే. శుక్రవారం నీ బైకు, శనివారం ఆయన బైకు ఎత్తుకొస్తానని ఇద్దరికీ ఒప్పుకొనుంటి. శనివారం పోతే, 'ఇంక వద్దులే కదిరప్పా, నాది ఆ గిరిగాడి నెత్తిన పెట్టేసినా' అని మజ్జిగిచ్చి పంపించేసినాడు."