దారి లేని గూడు

"ఈ తెల్ల పలుకు ఒక్కటి మింగు. ఆకలీ నిద్రా నీ జోలికి రావు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చు, నాది పూచీ" అని జెముడుకాకి మా అన్నకు మాటిచ్చింది.

మేం గిజిగాళ్లం. అన్న ఆ పలుకులు మింగి మూడు రోజులు కన్ను మూయకుండా గూడు అల్లాడు. నెల తిరిగేసరికి బక్కచిక్కాడు, ముక్కు పెచ్చులూడింది. లేని పురుగులు పాకుతున్నాయని తన ఈకలు తానే పీక్కున్నాడు. వదినను పొడిచి తరిమేశాడు. చివరికి అందరూ శత్రువులేనని భయపడి, లోపల కూర్చుని గూటి దారిని కూడా అల్లి మూసేశాడు.

"రావద్దు, నన్ను చంపడానికే వచ్చారు!" అని అరిచాడు.

"గాలెలా పీలుస్తావయ్యా, మహానుభావా?" అంటూ వదినే మొదటి పోచ తెంపింది. తర్వాత అందరం తెంపి, బయటికి లాగి, కాపలా కాశాం.

రెండు రోజులు పడుకున్నాడు. లేచాక రెక్కలు వణుకుతూనే ఉన్నాయి. కానీ "ఆకలేస్తోందిరా తమ్ముడూ" అన్నాడు. చెట్టంతా ఒక్కసారి కిచకిచలాడింది.

జెముడుకాకీ! రెక్కలు మావి, శ్రమ మాది, నిద్ర మా జన్మహక్కు. నువ్వు పడ్డ పూచీ ఏమైంది? శ్రావణ పౌర్ణమిలోగా ఈ చెట్టు ముందుకొచ్చి జవాబు చెప్పు.