చిలక రాని తెర

"ఇంకోసారి పీకి పెట్టమ్మా," అన్నాడు చేతన్.

తెర వెనకవైపు మీటరు పట్టుకుని నిలబడిన జూనియర్ వర్షిణి, ఫోన్ చార్జరు వైరు లాగి ల్యాప్‌టాప్‌కి మళ్లీ గుచ్చింది. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఆ ల్యాబ్‌లో మిట్టమధ్యాహ్నమే నల్ల పరదాలు దించేశారు. మసక వెలుగును పరీక్షించాలంటే చీకటి కావాలి మరి.

చేతన్ రాసిన ప్రోగ్రాం పని చిన్నదే. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌కి చార్జరు తగిలించగానే, ఎంత కరెంటు ఇవ్వగలవని అది చార్జరును అడగాలి. బలమైన చార్జరైతే తెర ధగధగా వెలగాలి. బక్క ఫోన్ చార్జరైతే ఉన్నదాంతో సర్దుకుని, మసగ్గానైనా కంపెనీవారి చిలక బొమ్మ చూపించాలి. మొదటిది బ్రహ్మాండంగా జరుగుతోంది. రెండోదే, కొన్నాళ్లుగా ఒంటరిగా కుస్తీ పడుతున్న అతని ప్రాణం తోడేస్తోంది. ఇవాళ కస్టమర్లు వచ్చేలోగా చిలక రాకపోతే ఉద్యోగం ఊడినట్టే.

"మీటరు ఏమంటాది?"

"కరెంట్ వెళ్తోంది సార్. ప్రోగ్రాం రాసుకునే లాగ్‌లో కూడా డిస్‌ప్లే ఆన్ అనే ఉంది."

"లాగ్‌కేం, ఏమన్నా చెప్తాది. నా కండ్ల ముందర నల్లగా ఉండాది కదా!"

కేబుల్ మార్చాడు. తెర మార్చాడు. ప్రోగ్రాం మొత్తం నిన్న రాత్రే మళ్లీ రాశాడు. ఇంకో చార్జరు కోసం అల్మరా వైపు వెళ్లబోయి దేనికో తగిలి తూలాడు.

"ఈ స్టూలు ఎవరు పెట్టినారు ఈడ?"

"పొద్దున్నుంచీ అక్కడే ఉంది సార్."

ఫోన్ మోగింది. మేనేజర్ భరత్.

"కస్టమర్లు కింద రిసెప్షన్‌లో ఉన్నారు చేతన్. వచ్చిందా?"

"లేదప్పా. ఇంకొంచెం టైమియ్యి."

"ఇంకెక్కడి టైమ్ బాస్?"

చేతన్ కుర్చీలో కూలబడ్డాడు. భయమేసింది. తండ్రి ఆదినారాయణప్ప గుర్తొచ్చాడు. పీణ్య ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద చెయ్యి తిరిగిన మనిషి. సరిగ్గా చేతన్‌కి ఇప్పుడున్న వయసులోనే, ఇంట్లో బల్బులన్నీ దండగమారివని తిట్టుకుంటూ వాటిని మారుస్తూ ఉండేవాడు. తర్వాత్తర్వాత గోడలు తడుముకుంటూ నడిచాడు. చివరికి మిషను వదిలేసి మూల కూర్చున్నాడు. పని లేని ఆ మనిషి మొహం చేతన్ ఎన్నటికీ మరిచిపోలేదు. ఇప్పుడు తన వంతేనా?

"నా వల్ల కాలేదప్పా," అన్నాడు ఫోన్లో. "ఈ పని ఇంకెవరికన్నా ఇచ్చేయ్. నేను ఎళ్లిపోతా."

అవతల భరత్ నిట్టూర్చి పెట్టేశాడు.

"ఇంక చాలమ్మా. ఈపక్కకొచ్చి నువ్వూ చూడు, ఎంత నల్లగా ఉండాదో."

వర్షిణి మీటరు కింద పెట్టి, పొద్దున్నుంచి మొదటిసారి తెర ముందుకు వచ్చింది. తెరను చూసింది. చేతన్ మొహంలోకి చూసింది. మళ్లీ తెరను చూసింది.

"చిలక ఇక్కడే ఉంది కదా సార్, మసగ్గా."