పంటి పరీక్ష

ముత్యాలు అమ్మే సేటు మా వసారాలో కూర్చున్నాడు. చెల్లెలు నాగరత్న చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన వినయంగా వద్దని, సంచిలోంచి తన సీసా తీసి తాగాడు.

"పంటికి రుద్ది చూడండమ్మా. గరగరమంటే అసలు ముత్యం, నున్నగా జారితే నకిలీ," అన్నాడు.

నాగరత్న రుద్దింది. "అక్కా, గరగరమంటాండాది!" అంటూ మెడలో గొలుసు కొక్కెం విప్పబోయింది. అమ్మ గుర్తుగా మిగిలిన బంగారం అదొక్కటే. అదిస్తే ముత్యాల దండ ఇస్తాడట.

నేను జపమాల కళ్ళకద్దుకుని పక్కన పెట్టాను. దూడ మెడలోని ప్లాస్టిక్ పూసల దండ విప్పి, కడిగి తెచ్చాను.

"ఇది కూడా రుద్దు పాపా."

రుద్దింది. మొహం చిన్నబోయింది. "ఇదీ గరగరమంటాండాదే!"

"అయితే మన దూడ నీకన్నా ముందే ముత్యాలేసుకొని తిరుగుతాండాది. అదృష్టం దానిది."

మా బోరు నీళ్ళలో ఫ్లోరైడు. ఊళ్ళో అందరి పళ్ళూ గార పట్టి, గుంటలు పడ్డాయి. వెన్న రుద్దినా గరగరమంటుంది. సేటు పళ్ళు మాత్రం మల్లెమొగ్గలు.

"నీ పంటికి రుద్ది చూపించు సేటూ," అన్నాను.

ఆయనకు బస్సు గుర్తొచ్చింది. పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

నాగరత్న కొక్కెం బిగించుకుని, వీధిలోకి చూసి శాపనార్థాలు మొదలుపెట్టింది.

"తిట్టొద్దు పాపా," అన్నాను. "మన నీళ్ళు చూడండని పదేండ్లుగా అర్జీలు పెడతాండాము. ఒక్క ఆఫీసరన్నా వచ్చినాడా? మన నీళ్ళెట్లాంటివో చూసుకొని వచ్చినోడు ఈయప్ప ఒక్కడే."