రెండో జత

కొత్త ఊళ్ళో అడుగుపెట్టిన రోజే అతని బ్యాడ్జీ పోయింది.

బస్సులో జారిపోయిందో, పెట్టె మోస్తూ మెట్లెక్కేటప్పుడు రాసుకుని ఊడిపోయిందో తెలియదు. ఇంటింటికీ తిరిగి సువార్త చెప్పే మోర్మన్ మిషనరీకి తెల్ల చొక్కా, టై ఎంత ముఖ్యమో జేబు మీద ఆ నల్ల బ్యాడ్జీ కూడా అంతే ముఖ్యం. పైన ఇంటిపేరు, కింద చర్చి పేరు. అది లేకుండా పనికి బయల్దేరకూడదు.

తోటి మిషనరీ సొరుగులన్నీ వెతికాడు. ఇద్దరూ కలిసే ఉండాలి, కలిసే తిరగాలి. ఒంటరిగా వీధి చివరిదాకా వెళ్ళడానికి కూడా వీల్లేదు. అస్తమానం టైము చూసుకుంటాడని ఆ తోటివాడికి గడియారం అని పేరు పడింది.

"ఇదిగో, ఇదివరకు ఇక్కడ పనిచేసినాయన వదిలేసి వెళ్ళింది. నీ అదృష్టం చూడు, కొత్తది తెప్పించే పనే లేదు" అని నవ్వాడు గడియారం. "నేను కూడా ఆయన్ని చూడలేదులే. అందరూ పొడుగు బాబు అంటుంటారు."

అతను బ్యాడ్జీని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత జేబుకి తగిలించుకున్నాడు.

ఆ రోజు నుంచి ఏ గుమ్మానికి వెళ్ళినా పొడుగు బాబు అతనికంటే ముందే వెళ్ళి కూర్చున్నాడు.

తెల్లవారకముందే లేవడం, గ్రంథం చదవడం, వంట, గిన్నెలు, ఇస్త్రీ, ఆపైన వీధులు. తలుపు తీసినవాళ్ళు అతని భుజం మీదుగా వెనక్కి చూసేవాళ్ళు. "పొడుగు బాబు రాలేదా?" అనేవాళ్ళు. రాలేదంటే తలుపు సగానికి సగం మూసుకునేది. ఒక నర్సు తన కుళాయి చూపించి, "ఇది బాగుచేసింది ఆ అబ్బాయే. పాటందుకుంటే మేడమీదివాళ్ళు కూడా కిందికి దిగొచ్చేవాళ్ళు" అని మురిసిపోయింది.

శ్రుతి తప్పినా చెవులప్పగించేవాళ్ళు దొరకడం కొందరి అదృష్టం, అనుకున్నాడు అతను.

మనసులో సన్నటి అసూయ. అది అతనికి కొత్త కాదు. ఒక్క తలుపు, ఒక్కటంటే ఒక్కటి, తన కోసం తెరుచుకుంటే చాలనుకున్నాడు.

సోమవారం ఇంటికి ఫోను చేసుకోవచ్చు. అమ్మ తెర మీదికి రాగానే గది చూపించమంది. మంచం ఏ గోడ వైపుంది, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, మెట్లు ఎటు దిగుతాయి, అన్నీ అడిగింది. నువ్వు తిన్నావా అని మాత్రం అడగలేదు.

"అమ్మా, నేనిక్కడున్నా" అన్నాడు నవ్వుతూ.

"ఆఁ నాన్నా, కనిపిస్తున్నావు" అంది, కిటికీ వైపే చూస్తూ.

అన్నిటికీ మించింది దర్జీ తాత కొట్టు. అక్కడ గోడకి రెండు జతల తెల్లబట్టలు వేలాడుతుండేవి. బాప్తిస్మానికి మునిగేవాడూ ముంచేవాడూ ఇద్దరూ తెల్లబట్టలతోనే నీళ్ళలో దిగాలి. ఒక జత దర్జీది.

"రెండోది పొడుగు బాబుది" అన్నాడు దర్జీ. "సిగరెట్టు తాగేవాళ్ళకి బాప్తిస్మం ఇవ్వరట. మానెయ్ తాతా, మళ్ళీ వచ్చి నేనే నిన్ను దించుతానన్నాడు. మా ఆవిడ ఏడ్చినా మాననివాణ్ణి, ఆ మాటకి మానేశా."

"మేం కూడా దించగలం తాతా. ఎవరు దించినా నీళ్ళు ఒకటే కదా."

"నీళ్ళు ఒకటే. పట్టుకునే చెయ్యి ఒకటి కాదుగా. ఆయన బ్యాడ్జీ తగిలించుకోగానే ఆయనైపోతావా అబ్బాయ్?"

గడియారం నవ్వు దాచుకోవడానికి టైము చూసుకున్నాడు.

అతను పట్టు వదల్లేదు. వీలు చిక్కినప్పుడల్లా గడియారాన్ని వెంటబెట్టుకుని వెళ్ళి కొట్టులో పీలికలు ఊడ్చాడు, మిషనుకి నూనె వేశాడు. చూపు ఆనని దర్జీకి సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడు. "పొడుగు బాబైతే మొదటిసారికే ఎక్కించేవాడు" అన్నాడు దర్జీ, సూది అందుకుంటూ.

వానలు పోయి ఎండలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం దర్జీ మిషను ఆపి, రెండో జత కిందికి దించి, అతని భుజాలకి ఆనించాడు.

"వేసుకో చూద్దాం."

భుజాలు కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. చొక్కా చేతులు మాత్రం వేలి కణుపంత పొడవు. దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఆ చేతులు మడవసాగాడు. అతను అద్దంలోకి ఒకసారి చూసి, వెంటనే తల దించుకున్నాడు.

"ఉత్తరం ముక్క లేదు, ఫోను లేదు" అన్నాడు దర్జీ సూదులన్నీ గుచ్చాక. "మరిచిపోయే మనిషి కాదు. ఏం పనుల్లో ఉన్నాడో. సరే, నువ్వే దించు. కాకపోతే నేను మాటిచ్చింది ఆయనకి. ఆయన్ని ఒక్క మాట అడుగు. సరేనంటే వచ్చే ఆదివారమే దిగుతా."

"అడుగుతాడు తాతా. మావాడికి ఇదే మొదటి బాప్తిస్మం" అని గడియారం అతని వీపు తట్టాడు.

"ఆయన కాదనడులే" అన్నాడు దర్జీ.

"కాదనడు" అన్నాడు అతను.

ఆ ఆదివారం వెళ్ళిపోయింది, తర్వాతి ఆదివారమూ వెళ్ళిపోయింది. "అడిగావా?" అని దర్జీ, "చర్చి ఆఫీసువాళ్ళ దగ్గర ఆయన నంబరు తీసుకోనా?" అని గడియారం, రోజూ అడుగుతూనే ఉన్నారు.

మడిచిన చేతులు కుట్టడం ఎప్పుడో అయిపోయింది. ఆ బ్యాడ్జీ మీది ఇంటిపేరు తనది కూడా అని, పొడుగు బాబు తన సొంత అన్న అని, ఇక్కణ్ణుంచి ఇల్లు చేరిన ఏడాదే అన్నను సమాధి చేశామని దర్జీకి చెప్పడం మాత్రం ఇంకా మిగిలే ఉంది.